గ్లాసుడు గాలి

మా వదినకు పగ పట్టడం రాదని మా ఇంట్లో అందరి నమ్మకం. కోపం వస్తే గిన్నె కాస్త గట్టిగా పెడుతుంది, అంతే. పగలూ ప్రతీకారాలూ మా ఇంట్లో నా శాఖ. చిన్నప్పుడు నా బొమ్మ కాలు విరిచిన మేనత్త కొడుకుతో నేను ఇప్పటికీ ముభావంగానే ఉంటాను. వాడికిప్పుడు బట్టతల కూడా వచ్చేసింది. అలాంటి నన్నే పక్కకు నెట్టేసేంత పగ వదిన పట్టింది. అది ఎందుకు పట్టిందో, దాన్ని ఎందాకా లాక్కెళ్ళిందో చెబుతాను. మధ్యలో ఒకణ్ణి తిట్టకుండా ఉండటం నా వల్ల కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

వదిన కంప్యూటర్ డబ్బాలు గీస్తుంది. కంప్యూటర్ లోపల ఏముందో అందరూ గొప్పగా చెబుతారు గానీ, ఆ సామానంతా మోసే ఇనుప డబ్బాను ఎవరూ పట్టించుకోరు. అందులోనూ వదినది చిన్న డబ్బాల పని. బల్ల మీద పుస్తకాల మధ్య ఇమిడిపోవాలి, సంచిలో పట్టాలి, అయినా పెద్ద కంప్యూటర్ చేసే పనంతా చెయ్యాలి. కొనేవాడికి అది ఎంత చిన్నదైతే అంత ముద్దు. కానీ లోపలి చిప్పులు పని చేసేకొద్దీ పొయ్యిలా కాగుతాయి. వాటికి చల్లగాలి లోపలికి రావాలి, వేడిగాలి బయటికి పోవాలి. డబ్బా చిన్నదయ్యేకొద్దీ గాలికి చోటు తగ్గిపోతుంది. "ఇరుకింట్లో మనుషులు సర్దుకుంటారే, వేడి సర్దుకోదు" అనేది వదిన.

ఈ డబ్బాల పిచ్చి ఉన్నవాళ్ళు సైజును లీటర్లలో చెప్పుకుంటారు, పాలు కొన్నట్టు. పెళ్ళైన కొత్తలో వదిన "ఏడు లీటర్లకు దింపాను" అని ఎవరికో ఫోనులో సంబరంగా చెబుతుంటే, స్కూలు వ్యాను నడిపే మా అన్నయ్య విని, "చిక్కనివా, నీళ్ళు కలిపినవా?" అని అడిగాడు. ఆ జోకును అన్నయ్య ఇంకా వాడుతూనే ఉన్నాడు.

వదిన పనిలో ఒక పట్టుదల ఉండేది. కొత్త డబ్బా ఎంత వేడెక్కుతోందో తెలియాలంటే లోపల వేడిని కొలిచే సన్నటి తీగలు అంటించాలి. ఆ తీగలు అడ్డమొస్తాయని చాలామంది పక్క మూత తీసేసి కొలుస్తారు. మూత లేకపోతే గాలి హాయిగా ఆడుతుంది, అంకెలు అందంగా వస్తాయి, అందరూ సంతోషంగా ఇళ్ళకు పోతారు. వదిన మాత్రం మూత బిగించేది. తీగల్ని ఒక మర చిల్లులోంచి బయటికి లాగి, మిగిలిన సందును పిండి ముద్దతో పూడ్చేది. రాత్రికి రొట్టెలు తక్కువ పడితే అన్నయ్య, "నా రొట్టె ఏ డబ్బాలో ఉంది?" అని వెతికేవాడు.

"కొనుక్కున్నవాళ్ళు మూత తీసి వాడుకుంటారా?" అనేది వదిన. "మూత తీసి కొలిస్తే తెలిసేది గది వేడి. డబ్బా వేడి కాదు."

అప్పట్లో మేమిద్దరం ఒకే కంపెనీలో చేసేవాళ్ళం. వదిన డిజైన్‌లో, నేను ఫిర్యాదుల ఫోను దగ్గర. డిజైన్ విభాగానికి పెద్దగా ఒకడుండేవాడు. వాడికి మేం పెట్టిన పేరు నున్నబాబు. గడ్డం నున్న, మాట నున్న. ఏ వస్తువు తెచ్చి ముందు పెట్టినా అరచేత్తో నిమిరేవాడు. చేతికి ఏదైనా గరుకుగా తగిలితే మొహం చిట్లించేవాడు.

వదిన ఏడాదిపాటు కూర్చుని గీసిన డబ్బా ఒకటి వాడి బల్ల మీదికి వెళ్ళింది. దాని పక్క మూత నిండా సన్నటి చిల్లులున్నాయి. ఆ మూతకూ లోపలున్న గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య వేలెడు ఖాళీ ఉంది. బొమ్మల్నీ ఆటల్నీ తెర మీద ఆడించేది ఆ కార్డే, అన్నిటికంటే ఎక్కువ కాగేదీ అదే. దాని ఫ్యాన్లు ఆ చిల్లుల్లోంచే గాలి పీల్చుకోవాలి.

"ఇదేంటి మేడమ్, జల్లెడా?" అన్నాడు నున్నబాబు. "చిల్లులు చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుందండీ."

వదిన చెప్పాల్సిందంతా చెప్పింది. వాడు తలూపాడు. తర్వాత వదిన వాళ్ళ అమ్మకు ఆపరేషనైతే రెండు నెలలు సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి చిల్లుల మూత పోయి నల్లటి అద్దం వచ్చింది. లోపలి ఖాళీని కూడా కోసేసి డబ్బాను సన్నం చేశాడు. పరీక్షేమో మూత తీసి చేయించాడు. అంకెలు ముచ్చటగా వచ్చాయి, సరుకు లారీ ఎక్కేసింది.

ఆ తర్వాత నా ఫోను ఆగితే ఒట్టు. పెళ్ళి వీడియోలు కత్తిరించే ఒకావిడ, "సగంలో ఆగిపోయిందండీ, పెళ్ళికూతురు నన్ను చంపేస్తుంది" అని ఏడ్చింది. ఇంకొకాయన తన పిల్లి ఆ డబ్బా మీంచి లేవడం లేదనీ, దాన్ని లేపితే కరుస్తోందనీ ఫిర్యాదు చేశాడు. ఆ పిల్లికి తెలిసినంత కూడా నున్నబాబుకు తెలియలేదు. అద్దం వెనక కార్డుకు గాలి అందక, ఉడికిపోయి, కంప్యూటరు తనంతట తానే ఆరిపోతోంది.

యజమాని మీటింగు పెట్టాడు. ఫిర్యాదులు చదివి వినిపించడానికి నన్నూ పిలిచారు. నేను చదువుతున్నంతసేపూ నున్నబాబు ఎంతో బాధగా తల పంకించాడు. అయిపోయాక గొంతు సవరించుకున్నాడు.

"గాలి సంగతంతా మేడమే చూసుకున్నారు సార్. పాపం, చాలా కష్టపడ్డారు. లెక్క ఎక్కడో తప్పినట్టుంది."

ఆ 'పాపం' వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన లేచి నిలబడింది. "మూత..." అంది. "మూత మార్చింది..." అంది. వదినకు మామూలుగానే పదిమందిలో మాట పెగలదు, అన్యాయం ఎదురైతే అసలే రాదు. నేను అందుకున్నాను: "ఆ అద్దం పెట్టించింది ఎవరో అడగండి సార్!"

"చదవడం అయిపోయింది కదమ్మా, నువ్వెళ్ళు" అన్నాడు యజమాని.

వదినను ప్యాకింగు విభాగంలో పడేశారు. డబ్బాలు పెట్టే అట్టపెట్టెలకు లోపల మెత్తటి ఫోము ఎక్కడెక్కడ ఉండాలో గీయడం ఆ పని. అంతటితో పోలేదు. ఈ వ్యాపారం చిన్నది, అందరూ అందరికీ తెలుసు. వదినకు 'వేడి మేడమ్' అని పేరు పడింది. వేరే కంపెనీకి ఉద్యోగానికి వెళ్తే అక్కడి పెద్దమనిషి, "కిటికీ తెరవమంటారా మేడమ్, మీరొచ్చారు కదా" అని పడీ పడీ నవ్వాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, గిన్నెలన్నీ తోమి, ఒక్కటంటే ఒక్కటి చప్పుడు కాకుండా పేర్చింది. వదిన గిన్నె చప్పుడు చెయ్యకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు భయమేసింది, నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇప్పటికి మా ఇంటి మనిషైంది అనుకున్నాను.

ఇద్దరం ఉద్యోగాలు మానేసి సొంతంగా మొదలుపెట్టాం. బట్టలు ఇస్త్రీ చేసే షాపు పక్క గది అద్దెకు దొరికింది. మధ్య గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. ఎవరికీ అక్కర్లేని గది అది. వదినకు మాత్రం తెగ నచ్చింది. "ఇక్కడ చల్లగా ఉన్న డబ్బా ఎక్కడైనా చల్లగా ఉంటుంది" అంది. రేకు కొయ్యడం, వంచడం వదిన పని. అతకడం, రంగు వెయ్యడం, బేరాలాడటం నాది. చిల్లులు కొట్టే యంత్రాన్ని సరిచూసుకోవడానికి వదిన తుక్కు రేకు మీద సుద్దముక్కతో నున్నబాబు మొహం గీసేది. ముక్కుకు రెండు కొట్టి, నన్ను పిలిచి, "నువ్వు కళ్ళు కొడతావా?" అని అడిగేది. ఆ గదిలో మేం అంత సంతోషంగా ఉండేవాళ్ళం.

మా మొదటి డబ్బా నెమ్మదిగానే అయినా అమ్ముడుపోయింది. చిల్లుల మూత, వేలెడు ఖాళీ, అన్నీ వదిన మొదట గీసినట్టే. కొన్నవాళ్ళు ఇంకొకరికి చెప్పేవాళ్ళు. ఒకాయన ఫోను చేసి, డబ్బా ఆన్ అయి ఉందో లేదో తెలియడం లేదని గోల పెట్టాడు. చప్పుడూ లేదు, వేడీ లేదు. ఆ మాటను వదిన నా చేత మూడుసార్లు చెప్పించుకుంది. అలాగే వదిలేసుంటే బాగుపడేవాళ్ళమేమో. కానీ పగ అనేది బాగుపడటంతో తీరేది కాదు. వాడు చూడాలి, నలుగురిలో తల దించుకోవాలి, అప్పుడు గానీ కడుపు చల్లబడదు.

ఇంతలో నున్నబాబు కొత్త డబ్బా తెచ్చాడు. లోపలి అమరిక మొత్తం వదినదే, సిగ్గు లేకుండా ఎత్తేశాడు. మళ్ళీ అదే నల్ల అద్దం, ఇంకా సన్నం. ఈసారి వేడెక్కకుండా ఒక ఎత్తు వేశాడు: లోపలి కార్డు పూర్తి వేగంతో నడవకుండా ముందే కట్టేసి అమ్మాడు. కొన్నవాడికి ఆ సంగతి తెలియదు, వాడు చెప్పడు. డబ్బా మాత్రం ముద్దుగా ఉంది. మా డబ్బా కంటే వాడిది ఎంత చిన్నదో వదిన లెక్క కట్టింది. సరిగ్గా ఒక టీ గ్లాసుడు.

అది కూడా భరించేవాళ్ళం. కానీ వాడు ఒక వీడియోలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "గతంలో ఒకరి పొరపాటు వల్ల చాలా నష్టపోయాం. దాన్నుంచి నేర్చుకున్నాం" అన్నాడు. వదిన ఆ వీడియోను అక్కడే ఆపింది. తెర మీద వాడి నోరు తెరుచుకునే ఉంది.

"వాడిదానికంటే చిన్నది చేస్తాను" అంది. "వాడి కళ్ళ ముందే పెడతాను."

అవకాశం కూడా వచ్చింది. మా ఊళ్ళో ఏటా పెద్ద హాల్లో కంప్యూటర్ సామాన్ల ప్రదర్శన జరుగుతుంది. ఈ డబ్బాల గురించి వీడియోలు చేసే ఆయన ఒకరున్నారు. ఆయన బాగుందంటే సరుకు పోతుంది, బాగాలేదంటే మూలన పడుతుంది. ఆ ఏడు అందరి చిన్న డబ్బాలనూ ఒకే బల్ల మీద వరసగా పెట్టి, అన్నిట్లోనూ ఒకే బరువైన ఆట నడిపి, జనం ముందే చూపిస్తానని ఆయన ప్రకటించాడు. నున్నబాబు వస్తున్నాడు. మేమూ పేరిచ్చాం. వదినకు పోయిన పేరు తిరిగొచ్చేదీ, ఇక ఎప్పటికీ రానిదీ ఆ బల్ల దగ్గరే తేలుతుందని మా ఇద్దరికీ తెలుసు.

అన్నం తింటూ కూడా అదే మాట. వాడి మొహం ఎర్రబడుతుందా, నల్లబడుతుందా అని పందేలు వేసుకునేవాళ్ళం.

"మనది చల్లగా ఉంటుందిగా, అది చాలదా?" అన్నాడు అన్నయ్య ఒకసారి.

"చల్లదనం కంటికి కనపడదు. చిన్నది కనపడుతుంది" అంది వదిన.

పాత డబ్బాలో తగ్గించడానికి ఏమీ లేదు. రేకు అప్పటికే పల్చన, మరలు అప్పటికే పొట్టివి. మిగిలిందల్లా గాలి ఒక్కటే. వదిన ఆ వేలెడు ఖాళీని ముందు సగం చేసింది. చాల్లేదు. కింద ఫ్యాన్ తీసి పల్చటిది పెట్టింది. అదీ చాల్లేదు. చివరికి కార్డుకూ మూతకూ మధ్య గోరు దూరేంత సందు మిగిలింది. ఇప్పుడు మా డబ్బా నున్నబాబు డబ్బా కంటే ఒక గ్లాసుడు చిన్నది. వదిన దాన్ని పసిబిడ్డలా రెండు చేతులతో ఎత్తి చూపించింది. నాకు కళ్ళు చెమర్చాయి.

పరీక్ష చేసిన రోజు నేను రంగు డబ్బాలు కొనుక్కుని వచ్చేసరికి బల్ల తలుపు దగ్గరికి జరిపి ఉంది, ఇస్త్రీ షాపు గోడకు దూరంగా. పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. డబ్బా నడుస్తోంది. మూత గోడకు ఆనించి ఉంది.

"మూతేది?" అన్నాను.

"రంగు ఆరలేదే" అంది వదిన.

వేలితో ముట్టి చూశాను. ఎప్పుడో ఆరిపోయింది. వదిన అంకెల వైపే చూస్తోంది తప్ప నా వైపు చూడలేదు. అంకెలు ముచ్చటగానే ఉన్నాయి.

"పోనీ వాడిలా వేగం కాస్త కట్టేద్దామా?" అన్నాను.

వదిన గిర్రున తిరిగింది. "వాడు చేసిన మోసం నన్ను చెయ్యమంటావా? నాది పూర్తి వేగంతో నడుస్తుంది. వాడిదాని పక్కనే నడుస్తుంది." ఆ మొహం చూశాక ఇంకేం మాట్లాడతాను? మా అన్నయ్య పెళ్ళి చేసుకున్న మెతక మనిషి కాదు ఆవిడ.

ప్రదర్శన రోజున అన్నయ్య తన స్కూలు వ్యానులోనే మమ్మల్ని దింపాడు. హాలు కిటకిటలాడుతోంది. జనం ఊపిరితో, దీపాలతో లోపలంతా ఉక్కగా ఉంది. వీడియోలాయన డబ్బాల్ని వరసగా పెట్టించాడు. మాదీ నున్నబాబుదీ పక్కపక్కనే వచ్చాయి. అందరి మూతలూ బిగించి ఉన్నాయో లేదో ఆయనే చూసుకున్నాడు. తర్వాత కొలతలు పెద్దగా చదివాడు. మా డబ్బా కొలత చదవగానే జనం 'ఓ' అన్నారు. చప్పట్లు కొట్టారు. ఒకాయనైతే ముందుకొచ్చి, "ఇందులో కార్డు నిజంగా ఉందా?" అని అడిగాడు.

నేను అటు చూడలేదు, నున్నబాబు మొహమే చూస్తున్నాను. ఎర్రబడలేదు, నల్లబడలేదు, పాలిపోయింది. మా డబ్బా వంక చూసి, తన డబ్బా వంక చూసి, అలవాటు కొద్దీ చెయ్యి చాపి దాన్ని నిమిరాడు. ఆ క్షణం కోసం మేం ఎన్నాళ్ళు ఎదురుచూశామో! నా గుండెల్లో పండగలా ఉంది. వదిన మెడ నిటారుగా పెట్టి నిలబడింది. 'ఇప్పుడు అను, పాపం అను' అనుకున్నాను.

ఆట మొదలైంది. కాసేపు అన్నీ బాగానే నడిచాయి. మా తెర మీద బొమ్మలు నున్నబాబు తెర కంటే చురుగ్గా కదులుతున్నాయి. అదీ జనం గమనించారు. ఆ తర్వాత మా ఫ్యాన్ అరవడం మొదలుపెట్టింది. కొత్త రంగు కాగిన వాసన వచ్చింది. బొమ్మలు ఆగి ఆగి కదిలాయి. వదిన చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. తెర నల్లబడిపోయింది.

ఎవరో నవ్వారు. ఎవరో డబ్బా మీద చెయ్యేసి 'అబ్బా' అని వెనక్కి లాక్కున్నారు. అందరికంటే ముందు కదిలింది నున్నబాబే. వచ్చి ప్లగ్గు పీకాడు.

"ముట్టుకోకండి, చేతులు కాలతాయి" అన్నాడు జనంతో. జేబులోంచి రుమాలు తీసి, దాంతో పట్టుకుని మా మూత విప్పాడు. లోపలి సందు అందరికీ కనిపించేలా డబ్బాను తిప్పాడు. "ఇదిగో, చూడండి. ఇక్కడ కనీసం వేలెడు చోటుండాలి. లేకపోతే కార్డు తను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. చిన్నదే కావాలనుకుంటే ఎలా? గాలికి కూడా ఇల్లు కట్టాలి కదండీ."

చిల్లులు వద్దన్న రోజు వాడి గదిలో నిలబడి వదిన వాడికి నేర్పిన పాఠమది. ఒక్క ముక్క మర్చిపోలేదు వెధవ. జనం ఫోన్లు ఎత్తి తీసుకుంటున్నారు. వాడి పీక పట్టుకుందామని ముందుకు ఒక అడుగు వేశాను కూడా. కానీ పట్టుకుని ఏమనాలి? వాడు చెబుతున్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

వీడియోలాయన మైకు వదిన ముందు పెట్టాడు. మర్యాదస్తుడు, ఆయన గొంతులో వెటకారం లేదు. "మేడమ్, మీరు మూత పెట్టి పరీక్షించారా?"

వదినకు పదిమందిలో మాట పెగలదని చెప్పాను కదా. ఆ రోజు మాత్రం పెగిలింది.

"లేదండీ" అంది.

దారిలో నేను ఆగకుండా తిట్టాను. వాడి రుమాలును తిట్టాను, వాడి అద్దాన్ని తిట్టాను, వాడి వంశాన్ని మూడు తరాలు వెనక్కి వెళ్ళి మరీ తిట్టాను. అన్నయ్య జోకులేమీ వెయ్యకుండా వ్యాను నడిపాడు. వదిన పిల్లలు కూర్చునే చిన్న సీట్లో ఒదిగి కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది.

"ఇకనుంచి ఆ మొదటి డబ్బా సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు" అంది నాతో.

"ఎందుకు ఎత్తను? అందులో నీ తప్పు లేదు. అద్దం పెట్టింది వాడు, గాలి ఆపింది వాడు, అబద్ధమాడింది వాడు!"

"నిజమే. కానీ ఇప్పుడు ఎవరు నమ్ముతారే?"

వదిన ఇప్పుడు వేలెడు ఖాళీ వదిలే డబ్బాలే చేస్తోంది, పిండి ముద్దతో సందు పూడ్చే కొలుస్తోంది. నున్నబాబు పేరు ఎత్తదు. ఎత్తేది నేనే. కనపడ్డవాళ్ళందరికీ ఆ మీటింగు గురించి, ఆ నల్ల అద్దం గురించి మొదటినుంచీ చెబుతాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. వాళ్ళు ఓపిగ్గానే వింటారు. అంతా విని, "ఆ కాలిపోయిన డబ్బా మేడమే కదా? వీడియో చూశామండీ" అంటారు.